ఇంటికి అక్కరకొచ్చే బీజగణితం – మూడో పాఠం: జ్వరానికి ఒక కొలత, ఎండకు ఒక కొలత

పోయిన నెల ఒక రాత్రి తొమ్మిదిన్నర దాటాక మా వాడకట్టులో ఉండే ఒకావిడ మనవణ్ని చంకనేసుకుని మా ఇంటికి వచ్చింది. పిల్లాడి ఒళ్లు కాలిపోతోంది. "సార్, ఒళ్లు జూస్తే పెనం లెక్క కాలుతున్నది, మిషన్ల జూస్తే ముప్పై ఎనిమిదే చూపిస్తున్నది, తొంభై ఎనిమిదుండాలె గదా, గింత తక్కువైతే పానానికి ఏమన్న అయితదా?" అంటూ ఆమె గొంతు వణికిపోతోంది. ఆ థర్మామీటర్ ఆమె కొడుకు కొత్తగా తెచ్చిన డిజిటల్‌ది. తెర మీద 38.9 అని ఉంది, దాని పక్కన కనీకనపడనంత చిన్నగా సెల్సియస్ గుర్తు ఉంది. ఇన్నేళ్లూ ఆమె చూసిన పాదరసం థర్మామీటర్‌లో అంకెలు ఫారెన్‌హీట్‌లో ఉండేవి, అందుకే ఆమెకు ముప్పై ఎనిమిది అంటే ఒళ్లు చల్లబడిపోయినట్టు అనిపించింది.

పాత కరెంటు బిల్లు వెనక లెక్క వేసి చూపించాను. 38.9 అంటే 102. "నూటరెండు జ్వరం ఉందమ్మా, వెంటనే డాక్టర్ దగ్గరికి పొండి" అన్నాను. నూటరెండు అనగానే ఆమెకు విషయం అర్థమైంది, ఆటో మాట్లాడుకుని వెళ్లారు, రెండు రోజుల్లో పిల్లాడు లేచి తిరిగాడు. ఆ బిల్లు వెనక నేను వేసింది నాలుగు లైన్ల లెక్క. మూడో పాఠంగా అసలు వేరేది రాద్దామనుకున్నాను గానీ, ఆ రాత్రి తర్వాత ముందు ఇదే రాయాలనిపించింది, ఎందుకంటే ఈ నాలుగు లైన్లు ప్రతి ఇంట్లో ఒక్కరికైనా వచ్చి ఉండాలి.

ముందు పోయిన పాఠం ఇంటిపని జవాబులు చూసుకోండి. 3 ఎకరాల 25 గుంటలు మొత్తం ఎన్ని గుంటలు అన్నది మొదటి ప్రశ్న; ఎకరానికి 40 గుంటలు కాబట్టి 3 × 40 + 25 = 145 గుంటలు. ఫసలీ అంటే పాత రెవెన్యూ లెక్కల్లో వాడిన సంవత్సరం, దాన్ని మామూలు సంవత్సరంలోకి మార్చడం రెండో ప్రశ్న; పాత పహాణీలో, అంటే భూమి వివరాలు రాసే రికార్డులో, ఫసలీ 1364 అని ఉంటే 590 కలపాలి, 1954 వస్తుంది, అంటే 1954–55 సంవత్సరం, మన పెద్దలు ఖాస్రా పహాణీ అని చెప్పుకునే ఏడు అదే. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి ఒక్క నిమిషం చూడండి, ఈ రోజు పాఠం మొత్తం వీటి మీదే నిలబడుతుంది. ఎకరాలను గుంటల్లోకి మార్చేటప్పుడు గుణకారం మాత్రమే చేశాం, ఏమీ కలపలేదు, ఎందుకంటే సున్నా ఎకరాలంటే సున్నా గుంటలే, రెండూ ఒకే చోట మొదలవుతాయి, కొలత ముక్క సైజు ఒక్కటే వేరు. ఫసలీని మామూలు సంవత్సరంలోకి మార్చేటప్పుడు కూడిక మాత్రమే చేశాం, గుణకారం లేదు, ఎందుకంటే అక్కడా ఇక్కడా ఏడాది ఏడాదే, లెక్క మొదలుపెట్టిన చోటు ఒక్కటే వేరు.

సెల్సియస్‌కూ ఫారెన్‌హీట్‌కూ మధ్య ఈ రెండు తేడాలూ ఉన్నాయి. మొదలయ్యే చోటూ వేరే, ముక్క సైజూ వేరే. అందుకని గుణకారమూ కావాలి, కూడికా కావాలి. పిల్లలు తికమక పడేది సరిగ్గా ఇక్కడే, ఏది ముందు ఏది వెనక అని.

సూత్రం బట్టీ పట్టొద్దు, కట్టుకోండి

పదో తరగతి పిల్లల్ని సూత్రం చెప్పమంటే గడగడా చెప్తారు, కానీ తొమ్మిది బై ఐదా, ఐదు బై తొమ్మిదా, ముప్పై రెండు కలపాలా తీసేయాలా అని పరీక్ష హాల్లో కూర్చున్నాక టెన్షన్ పడతారు. బట్టీ పట్టింది ఎప్పుడో ఒకప్పుడు మర్చిపోతాం. నాలుగు అంకెలు గుర్తుంటే చాలు, సూత్రాన్ని మనమే కట్టుకోవచ్చు.

ఐసు కరిగే చోటు: సెల్సియస్‌లో 0, ఫారెన్‌హీట్‌లో 32.
నీళ్లు మరిగే చోటు: సెల్సియస్‌లో 100, ఫారెన్‌హీట్‌లో 212.

ఈ మరిగే చోటు సముద్రమట్టం దగ్గరి గాలి ఒత్తిడికి చెప్పింది. నల్గొండ సముద్రమట్టానికి నాలుగు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, మహబూబ్‌నగర్ ఇంకొంచెం ఎత్తు, కాబట్టి మన పొయ్యి మీద నీళ్లు వందకు ఓ డిగ్రీ, డిగ్రీన్నర ముందే మరుగుతాయి. లెక్కకు దాంతో పనిలేదు, కానీ ఇంట్లో థర్మామీటర్ పెట్టి చూసి తప్పు చూపిస్తోందని పారేయకండి.

ఇప్పుడు ఐసు నుంచి మరుగు దాకా ఎన్ని మెట్లు ఉన్నాయో చూడండి. సెల్సియస్ నిచ్చెనకు 100 మెట్లు. ఫారెన్‌హీట్ నిచ్చెనకు 212 − 32 = 180 మెట్లు. రెండు నిచ్చెనలూ ఎక్కేది ఒకే ఎత్తు, కాబట్టి 100 సెల్సియస్ మెట్లు 180 ఫారెన్‌హీట్ మెట్లకు సమానం, రెండు వైపులా 20తో భాగిస్తే 5 మెట్లకు 9 మెట్లు. ఆ తొమ్మిది బై ఐదు ఇక్కడి నుంచి వచ్చింది. ఫారెన్‌హీట్ మెట్లు చిన్నవి కాబట్టి ఎక్కువ పడతాయి, అందుకే ఫారెన్‌హీట్ వైపు వెళ్లేటప్పుడు పెద్ద అంకె పైన ఉంటుంది.

తెలియనివాటికి పేర్లు పెట్టుకుందాం. సెల్సియస్ అంకె సె, ఫారెన్‌హీట్ అంకె ఫా. ఐసు దగ్గర్నుంచి ఎన్ని మెట్లు ఎక్కామో చెప్పాలంటే సెల్సియస్‌లో సె మెట్లు, ఫారెన్‌హీట్‌లో ఫా − 32 మెట్లు, ఎందుకంటే ఆ నిచ్చెన మీద ఐసు దగ్గరే 32 అని రాసి ఉంది. మొత్తం మెట్లలో ఎన్నో వంతు ఎక్కామన్నది రెండు నిచ్చెనల మీదా ఒకటే కావాలి కదా:

సె / 100 = (ఫా − 32) / 180

రెండు వైపులా 20తో గుణిస్తే:

సె / 5 = (ఫా − 32) / 9

నా దృష్టిలో ఈ పాఠం మొత్తంలో నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసుకోవాల్సింది ఈ ఒక్క లైనే. ఫా కావాలంటే రెండు వైపులా 9తో గుణించి 32 అటు పంపండి, సె కావాలంటే రెండు వైపులా 5తో గుణించండి:

ఫా = (9/5) × సె + 32
సె = (5/9) × (ఫా − 32)

రెండూ ఒకే వాక్యం, ఒకటి కుడి నుంచి చదివితే ఇంకొకటి ఎడమ నుంచి చదివినట్టు.

మొదటి లెక్క మన ఎండదే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు, నల్గొండ, మిర్యాలగూడ వైపు మే నెలలో 45 డిగ్రీలు అంటే కొత్త సంగతేం కాదు. 45ని ఫారెన్‌హీట్‌లో ఎంతంటారు? ముందు 5తో భాగించండి, 9. దాన్ని 9తో గుణించండి, 81. 32 కలపండి, 113. 45ను 9తో గుణించి 405 చేసి, దాన్ని మళ్లీ 5తో భాగించినా జవాబు అదే గానీ, ముందు భాగించేస్తే అంకెలు చిన్నగా ఉండి నోటితోనే అయిపోతుంది.

ఇప్పుడు ఆ పిల్లాడి 38.9. ఐదుతో భాగిస్తే 7.78. తొమ్మిదితో గుణిస్తే 70.02. ముప్పై రెండు కలిపితే 102.02. ఆ రాత్రి బిల్లు వెనక ఉన్నది ఇంతే.

వెనక్కి వచ్చేటప్పుడు క్రమం తిరగబడుతుంది

104 జ్వరం సెల్సియస్‌లో ఎంత? 104 − 32 = 72. 72ను 9తో భాగిస్తే 8, 5తో గుణిస్తే 40. జవాబు 40 డిగ్రీలు.

మా దగ్గరికి సాయంత్రాలు వచ్చే పిల్లల్లో సగానికి సగం మంది దీన్ని వేరేలా చేస్తారు. బ్రాకెట్ వదిలేసి 104 × 5/9 అని గుణించి, 57.78 వచ్చాక అందులోంచి 32 తీసేస్తారు. 25.78 వస్తుంది. 104 జ్వరంతో మూలుగుతున్న మనిషి ఒళ్లు ఇరవై ఐదు డిగ్రీలా? జవాబు రాగానే ఈ ప్రశ్న వేసుకునే అలవాటు ఉంటే తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది, కానీ అలవాటు లేక అలాగే రాసి పేపర్ ఇచ్చేస్తారు, నాకు బాధ కలిగించేది మార్కు పోవడం కన్నా ఇదే.

ముందు తీసివేత ఎందుకో ఇలా చూడండి. మిర్యాలగూడ మిల్లులో సంచిలో బియ్యం నింపుతారు, తర్వాత మూతి కుడతారు. ఇంటికి తెచ్చాక మనం ముందు చేసేది కుట్టు విప్పడం, ఆ తర్వాతే బియ్యం తీయడం. చివర చేసిన పనిని ముందు విప్పాలి. సెల్సియస్ నుంచి ఫారెన్‌హీట్‌కు వెళ్లేటప్పుడు ముందు గుణించాం, చివర 32 కలిపాం. కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు ముందు ఆ 32 తీసేయాలి, తర్వాత గుణకారాన్ని విప్పాలి. మొదటి పాఠంలో తక్కెడతో చెప్పిన నియమమే ఇది, వేరే ఏమీ కాదు.

రుణ సంఖ్య వచ్చినా భయపడొద్దు. మన జిల్లాల నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు చాలామందే ఉన్నారు, అక్కడ వాతావరణం కూడా ఫారెన్‌హీట్‌లోనే చెప్పుకుంటారు, ఫోన్లో "ఈరోజు తొంభై ఐదు ఉందమ్మా" అంటే ఇక్కడ తల్లికి గుండె జారిపోతుంది. 95 − 32 = 63, తొమ్మిదితో భాగిస్తే 7, ఐదుతో గుణిస్తే 35, మన మార్చి నెల ఎండంత, కంగారు పడాల్సిందేం లేదు. అదే పిల్ల చలికాలంలో "పద్నాలుగు డిగ్రీలు" అంటే తల్లి సరేలే అనుకుంటుంది, కానీ లెక్క వేయండి: 14 − 32 = −18, తొమ్మిదితో భాగిస్తే −2, ఐదుతో గుణిస్తే −10. ఐసు కట్టే చోటుకు పది డిగ్రీల కింద. నిజానికి స్వెటర్ వేసుకున్నావా అని అడగాల్సింది ఆ రోజు.

ఈ అంకెలు ఎక్కడివి?

ముప్పై రెండేంటి, రెండు వందల పన్నెండేంటి అని పిల్లలు అడిగితే కసరొద్దు, అది మంచి ప్రశ్న. డేనియల్ గాబ్రియేల్ ఫారెన్‌హీట్ 1686లో డాంజిగ్‌లో పుట్టాడు, ఇప్పుడది పోలండ్‌లోని గ్డాన్స్క్. హాలండ్‌లో స్థిరపడి థర్మామీటర్లు చేసేవాడు. 1724లో తన కొలతను ప్రకటించాడు. ఐసు, నీళ్లు, నవాసారం కలిపిన చల్లటి మిశ్రమం దగ్గర సున్నా పెట్టాడు, ఆ నవాసారం మన దగ్గర ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు వాడేదే. ఉత్త ఐసూ నీళ్లూ కలిసిన చోట 32, ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంటి వేడి దగ్గర 96 పెట్టాడు. 32కూ 96కూ మధ్య 64 మెట్లు, సగం సగం చేసుకుంటూ పోతే గాజు గొట్టం మీద గీతలు గీయడం సులువు. తర్వాతి కాలంలో నీళ్లు మరిగే చోటును 212 దగ్గర స్థిరం చేసి కొలతను సరిదిద్దారు, దాంతో ఒంటి వేడి 96 నుంచి పైకి జరిగింది.

స్వీడన్‌లోని ఉప్సాలాలో ఖగోళ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ 1742లో వంద మెట్ల కొలత చెప్పాడు. అయితే ఆయన మరిగే చోట 0, ఐసు దగ్గర 100 పెట్టాడు! ఆయన 1744లో పోయాక ఆ నిచ్చెనను తిరగేశారు. మన పెద్దవాళ్లు సెంటీగ్రేడ్ అనేది దీన్నే, 1948లో అధికారికంగా సెల్సియస్ అని పేరు ఖాయం చేశారు. మనకు ఇక్కడ ఒక మంచి లెక్క దొరుకుతుంది. ఆయన మొదటి థర్మామీటర్ మీద అంకెను పా అనుకుంటే, పా = 100 − సె. మన 45 డిగ్రీల ఎండ దాని మీద 55 చూపిస్తుంది. ఎండ పెరిగే కొద్దీ అంకె తగ్గుతుంది. పాత, కొత్త కొలతలు రెండూ ఒకే అంకె చూపేది ఎక్కడ? సె = 100 − సె, అంటే 2సె = 100, సె = 50.

ఇక 98.6 గురించి. ఈ పాయింట్ ఆరు చాలా ఇళ్లలో అనవసరమైన భయం పెట్టింది, 98.9 చూపించగానే జ్వరం వచ్చేసిందనుకుంటారు. కార్ల్ వుండర్‌లిష్ అనే జర్మన్ డాక్టర్ వేలమంది రోగుల ఒంటి వేడి కొలిచి 1868లో రాసిన పుస్తకంలో మామూలు వేడి 37 సెల్సియస్ అన్నాడు. 37 అన్నది ఉజ్జాయింపుగా గుండ్రంగా చెప్పిన అంకె. దాన్ని మన సూత్రంలో పెడితే 37 × 9/5 = 66.6, 32 కలిపితే 98.6. పాయింట్ ఆరు కొలిచి తెచ్చింది కాదు, మార్పిడి లెక్కలో పుట్టింది. ఒంటి వేడి పొద్దున కాస్త తక్కువ, సాయంత్రం కాస్త ఎక్కువ ఉండటం మామూలే. లెక్క మార్చినంత మాత్రాన కొలత మెరుగు కాదు, గుండ్రటి అంకె నుంచి వచ్చిన దశాంశాన్ని రాయి మీద గీతలా చూడకండి.

గోడ మీద రాసి పెట్టుకోవడానికి ఇవి చాలు: 37 అంటే 98.6, 38 అంటే 100.4, 39 అంటే 102.2, 40 అంటే 104. ఒక్కో సెల్సియస్ డిగ్రీకి 1.8 చొప్పున పెరుగుతోంది, గమనించారా? మందుల డబ్బా మూత లోపల అంటించుకోండి.

అంకె వేరు, తేడా వేరు

ఈ భాగాన్ని తొందరపడకుండా రెండుసార్లు చదవండి. చదువుకున్నవాళ్లు కూడా తప్పు చేసేది ఇక్కడే.

చలికాలంలో ఒక రోజు పగలు 31, రాత్రి 19 డిగ్రీలు అనుకోండి. తేడా 12 డిగ్రీల సెల్సియస్. ఫారెన్‌హీట్‌లో తేడా ఎంత? 12ను సూత్రంలో పెడితే 21.6 + 32 = 53.6 వస్తుంది. అది తప్పు. విడివిడిగా మార్చి చూడండి: 31 అంటే 87.8, 19 అంటే 66.2, తేడా 21.6. ఆ 32 ఎక్కడికి పోయింది? పగటి అంకెలోనూ ఒక 32 ఉంది, రాత్రి అంకెలోనూ ఒక 32 ఉంది, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే రెండూ కొట్టుకుపోయాయి:

(9/5 × 31 + 32) − (9/5 × 19 + 32) = 9/5 × (31 − 19)

కాబట్టి తేడాలకు 9/5తో గుణకారం మాత్రమే, అది ఎకరం–గుంట లెక్క. థర్మామీటర్ అంకెకు గుణకారమూ కూడికా రెండూ.

ఇవి రెండూ ఒకే వాక్యంలో వచ్చే ఉదాహరణ మన వాతావరణ శాఖ చెప్పే వడగాలుల నిర్వచనం. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, ఆ రోజుకు మామూలుగా ఉండాల్సిన దానికంటే 4.5 నుంచి 6.4 డిగ్రీల దాకా ఎక్కువైతే వడగాలులు అంటారు, 6.4 దాటితే తీవ్ర వడగాలులు. అమెరికాలో ఉన్న మనవరాలికి ఇది ఫారెన్‌హీట్‌లో చెప్పాలి. 40 అన్నది థర్మామీటర్ అంకె, 72 + 32 = 104. 4.5 అన్నది తేడా, 4.5 × 9/5 = 8.1, అంతే, 32 ఊసే లేదు. "కనీసం 104 ఉండి, మామూలు కంటే 8.1 ఎక్కువైతే" అని చెప్పాలి. 4.5కి కూడా 32 కలిపితే 40.1 వస్తుంది, మామూలు కంటే నలభై డిగ్రీలు ఎక్కువైతే నేల మీద మనిషి బతకడు.

ఇంకో సంగతి కూడా చూశారా, 40 డిగ్రీల ఎండా 104 డిగ్రీల జ్వరమూ ఒకటే వేడి. బయటి గాలి అంత వేడెక్కినప్పుడు ఒంట్లోని వేడిని గాలికి వదిలే దారి ఉండదు, చెమట ఆరడం ఒక్కటే దిక్కు. మధ్యాహ్నం పూట బత్తాయి తోటల్లో పనిచేసేవాళ్లకు నీళ్లు తాగమని అంతగా చెప్పేది అందుకే.

దీనికి దగ్గరి తప్పు ఇంకొకటి ఉంది. 40 డిగ్రీలు అంటే 20 డిగ్రీలకు రెట్టింపు వేడి అనొద్దు. ఫారెన్‌హీట్‌లో అవి 104, 68, రెట్టింపు కానే కాదు. ఒక కొలతలో రెట్టింపైనది ఇంకో కొలతలో కాకుండా పోతోందంటే, సున్నా మనం పెట్టుకున్న చోట ఉందే తప్ప వేడి నిజంగా మొదలయ్యే చోట లేదన్నమాట.

ఆ అసలు సున్నా దగ్గర మొదలయ్యేది కెల్విన్ కొలత. విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, 1848లో ఆ ఆలోచన చెప్పాడు. అక్కడ మెట్టు సైజు సెల్సియస్‌దే, మొదలు ఒక్కటే వేరు:

కె = సె + 273.15

ఇది అచ్చంగా ఫసలీ లెక్క, కూడిక తప్ప ఏమీ లేదు. 37 డిగ్రీల ఒంటి వేడి 310.15 కెల్విన్. కెల్విన్‌కు డిగ్రీ గుర్తు పెట్టరు, 1967 నుంచి అదే పద్ధతి, పరీక్షలో గుర్తు పెట్టుకోండి. 20ని, 40ని కెల్విన్‌లోకి మారిస్తే 293.15, 313.15. పెరిగింది నూటికి ఏడు వంతుల కన్నా కాస్త తక్కువే.

పోటీ పరీక్షల్లో తిప్పి అడిగేవి

రెండు కొలతలూ ఒకే అంకె చూపే చోటు ఏది? ఫా బదులు సె రాసేయండి. సె = 9/5 సె + 32. రెండు వైపులా 5తో గుణిస్తే 5సె = 9సె + 160, అంటే −4సె = 160, సె = −40. సరిచూసుకోండి: −40ని ఐదుతో భాగిస్తే −8, తొమ్మిదితో గుణిస్తే −72, 32 కలిపితే −40. ఈ −40ని గుర్తుంచుకుంటే సూత్రం మీద అనుమానం వచ్చినప్పుడల్లా అందులో పెట్టి పరీక్షించుకోవచ్చు.

ఫారెన్‌హీట్ అంకె సెల్సియస్‌కు రెట్టింపు ఎక్కడ? 2సె = 9/5 సె + 32. సె/5 = 32, సె = 160, ఫా = 320. రెండు అంకెలూ కలిపితే 102 వచ్చేది ఎక్కడ? సె + 9/5 సె + 32 = 102, అంటే 14/5 సె = 70, సె = 25, ఫా = 77. ప్రశ్నలో వాక్యం ఎలా ఉంటే అలా సమీకరణం రాసుకుంటూ పోవడమే, కొత్త సూత్రం దేనికీ అవసరం లేదు.

నాకు బాగా ఇష్టమైనది తప్పుడు థర్మామీటర్ లెక్క. ఒక సెల్సియస్ థర్మామీటర్ పాడైంది, ఐసులో పెడితే 5, మరిగే నీళ్లలో పెడితే 95 చూపిస్తోంది. అది 59 చూపిస్తే అసలు వేడి ఎంత? చాలామంది 59 లోంచి 5 తీసేసి 54 అంటారు. అది సగం పని మాత్రమే. ఈ నిచ్చెనకు మొదలు 5 దగ్గర, మెట్లు 95 − 5 = 90. మళ్లీ వంతుల లెక్కకే రండి:

సె / 100 = (59 − 5) / 90

54/90 అంటే 0.6, కాబట్టి సె = 60. పాడైన థర్మామీటర్ కూడా, ఎంత పాడైందో తెలిస్తే సరైన జవాబే ఇస్తుంది. అది ఎక్కడైనా నిజం చూపిస్తుందా? చూపే అంకె, అసలు అంకె రెండూ సె అనుకోండి: సె / 100 = (సె − 5) / 90. అడ్డంగా గుణిస్తే 90సె = 100సె − 500, సె = 50. సరిగ్గా యాభై దగ్గర అది నిజమే చెప్తుంది.

ఇంటిపని, జవాబులు వచ్చే పాఠంలో ఇస్తాను. ఆ పాఠానికి ఒక గ్రాఫ్ కాగితం, స్కేలు దగ్గర పెట్టుకోండి, ఈ సమీకరణాన్ని గీత గీసి చూద్దాం.

మొదటిది: ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఫ్రిజ్‌లోని థర్మామీటర్ ఫారెన్‌హీట్‌ది, 41 చూపిస్తోంది. టీకాలు బాగున్నట్టేనా? అది ఎంత దాకా పెరిగితే ఏఎన్ఎమ్ అమ్మ అప్రమత్తం కావాలి, ఎంత దాకా తగ్గితే?

రెండోది: రాత్రి జ్వరం 103.1 ఉంది, మందు వేశాక 100.4కు దిగింది. ఎన్ని సెల్సియస్ డిగ్రీలు తగ్గినట్టు? రెండు దారుల్లో చేసి, రెండు జవాబులూ ఒకటే వచ్చాయో లేదో చూడండి.

మూడోది కొంచెం కష్టం: ఆండర్స్ సెల్సియస్ మొదట చేసిన ఆ తలకిందుల థర్మామీటర్‌ను, ఫారెన్‌హీట్ థర్మామీటర్‌ను ఒకే గిన్నెలోని నీళ్లలో పెట్టారు. రెండూ ఒకే అంకె చూపించాయి. ఆ నీళ్లలో చెయ్యి పెట్టొచ్చా?